అమ్మ మొక్కు, నైట్ డ్యూటీ, బాకీపడిన జపమాలలు: ఒక నర్సు పిలుపు కేసు

ఈ కేసులోని అమ్మాయి చదివి ఒప్పుకున్నాకే దీన్ని రాస్తున్నాం. ఊరు, వయసు, కుటుంబం, ఆసుపత్రి, మఠం ఎవరూ పోల్చుకోలేనట్టు మార్చాం. పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే సంస్కారంలో) చెప్పుకున్నది ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. ఆమె పాపసంకీర్తనం వినే గురువు ఒకరు, ప్రార్థన గురించి ఆమె మాట్లాడుకునే మార్గదర్శి సిస్టర్ మరొకరు. ఆ ఏర్పాటు మొదటి రోజే జరిగింది.

మన కతోలికుల దగ్గర పిలుపు శిబిరాలు, అంటే గురువుగానో సిస్టర్‌గానో బతకమని దేవుడు పిలుస్తున్నాడా అని తేల్చుకునే శిబిరాలు, ఎక్కువగా ఇంటర్ పరీక్షలు అయ్యాక పెడతారు. అక్కడ చెప్పే ప్రార్థన పద్ధతులు హాస్టల్ గంట కొడితే లేచే పిల్లలకు సరిపోతాయి. ఉద్యోగం, నెల వాయిదాలు, వారానికోసారి మారే డ్యూటీలు ఉన్న మనిషి వచ్చి "నాకు పిలుపు ఉందా?" అని అడిగితే ఆ పద్ధతులు ఎక్కడెక్కడ తెగుతాయో ఈ కేసులో బాగా కనబడింది.

నేపథ్యం

వయసు 27. బి.ఎస్సి. నర్సింగ్ చదివి, ఒక నగరంలోని ప్రైవేటు ఆసుపత్రి ఐ.సి.యు.లో నాలుగో ఏడు చేస్తోంది. ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి మర్నాడు 8 వరకు మూడు డ్యూటీలు. నైట్ పడితే వరుసగా ఆరు రాత్రులు, తర్వాత ఒక ఆఫ్. జీతం 24,000. విద్యారుణం ఇంకా 2,40,000 ఉంది. తమ్ముడి ఫీజులో సగం ఈమే కడుతోంది. నాన్న కౌలు రైతు.

వీటన్నిటికంటే బరువైన సంగతి ఒకటుంది. ఈమె పుట్టకముందు వాళ్లమ్మకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి ఆవిడ ఫిబ్రవరి తిరునాళ్లకు విజయవాడలోని మరియమాత పుణ్యక్షేత్రం గుణదల కొండెక్కి, "బిడ్డ బతికితే నీకే ఇస్తాను తల్లీ" అని మొక్కుకుంది. బిడ్డ బతికింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఒత్తి చెప్పరు, అలాగని ఎవరూ మర్చిపోలేదు. చదువు అయ్యేదాకా చూద్దాం అనుకున్నారు, ఆ తర్వాత అప్పు తీరేదాకా అనుకున్నారు. ఈ మధ్య సంబంధాలు రావడం మొదలయ్యేసరికి అమ్మకు నిద్ర పట్టడం మానేసింది.

ఆమె తెచ్చిన సమస్య

మొదటి మాటల్లోనే రెండు సంగతులు చెప్పింది. "నేను సిస్టర్స్‌లో చేరాలి, ఏ మఠమో మీరే చెప్పండి" అనేది ఒకటి. "ప్రార్థన చెయ్యలేకపోతున్నాను, అందుకే దేవుడు నా మీద కోపంగా ఉన్నాడు" అనేది రెండోది. ఇవి వేర్వేరు సమస్యలని ఆమె అనుకోలేదు. మఠంలో చేరితే ప్రార్థన దానంతటదే కుదురుతుందని ఆమె నమ్మకం.

మఠాల గురించి మాట్లాడకుండా, రోజూ ఏం ప్రార్థిస్తోందో నిమిషాలతో సహా రాసి తెమ్మన్నాం. తెచ్చిన జాబితా ఇది: ఉదయ ప్రార్థన 15, నాలుగు రహస్యాల వరసలూ కలిపి జపమాల 80, దైవకరుణ జపమాల 8, రెండు నొవేనాలు (తొమ్మిది రోజుల ప్రార్థనలు) 15, కీర్తనలు 20, దివ్యగ్రంథం ఒక అధ్యాయం 15, ఫోనులో ఆరాధన 30, పడుకునే ముందు 10. మొత్తం 193 నిమిషాలు. ఏ ఒక్కటీ తప్పు ప్రార్థన కాదు. ఒక్కోటి ఒక్కో కష్టంలో మొదలైంది, కష్టం పోయాక కూడా ఆగలేదు, అంతే.

అసలు రోగం జాబితాలో లేదు, ఆమె సంచిలోని రెండో నోటు పుస్తకంలో ఉంది. కుడివైపు పేజీల్లో ఎర్ర పెన్నుతో "జ.మా. బాకీ" అని రాసి ఉంది. ఏ రోజు ఎన్ని జపమాలలు తప్పాయో మర్నాటికి కలుపుకుంటూ వచ్చింది. ఆ రోజుకు లెక్క 118. ఒక్కో జపమాలకు 20 నిమిషాలు వేస్తే 39 గంటల 20 నిమిషాలు. ఆఫ్ రోజుల్లో కూర్చుని తీర్చేయాలని ఆమె ఉద్దేశం. ఇంట్లో బ్యాంకు పాస్‌బుక్కు ఎలా రాస్తారో, దేవుడి దగ్గర ఖాతా కూడా అలాగే నడిచింది.

ఇక్కడ మొదటి నిర్ణయం తీసుకోవాలి. ఇది ఆధ్యాత్మిక సమస్యా, ఒంటి సమస్యా, మనసు జబ్బా? మూడూ ఒకేలా కనబడగలవు. నిద్ర, ఆకలి, ఏడుపు, డ్యూటీలో పొరపాట్లు, చనిపోవాలనే ఆలోచన ఉన్నాయేమో నేరుగా అడిగాం. చనిపోవాలనే ఆలోచన లేదు. నైట్ వారంలో నిద్ర నాలుగు గంటలు దాటడం లేదు. మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్ష చేయించుకోమంటే హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది, డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. లెక్కల పిచ్చి ఎంత లోతుగా ఉందో తెలుసుకోడానికి, "అయిదు రోజులు ఆ పుస్తకం మా దగ్గర వదిలేసి వెళ్లగలవా?" అని అడిగాం. కాసేపు ఆలోచించి ఇచ్చేసింది. ఇవ్వలేక వణికిపోయి ఉంటే, చెప్పిన పాపాన్నే మళ్లీ మళ్లీ చెప్పడానికి వారానికి మూడుసార్లు పాపసంకీర్తనానికి వెళ్తుంటే, ముందు మానసిక వైద్యుల దగ్గరకు పంపి ఉండేవాళ్లం. ప్రార్థన సలహాతో నయం కాని అపరాధభావం ఉంటుంది, దానికి ఇంకో జపం జోడిస్తే అది ఇంకా ముదురుతుంది.

మొదటి ఏర్పాటు, అది కూలిన తీరు

193 నిమిషాలను 60కి కుదించాం. అంతవరకు సరే. ఆ 60 నిమిషాలను గడియారానికి కట్టడం తప్పయింది. ఉదయం 5:30కి స్తుతి ప్రార్థన, సాయంత్రం 6:30కి సాయంకాల ప్రార్థన, 9:30కి ఆత్మపరిశీలన. ఇది దాదాపు మఠం టైంటేబులే. మఠంలో చేరాలంటోంది కాబట్టి ఆ లయ ఆమెకు పడుతుందో లేదో కూడా తెలిసిపోతుందని అనుకున్నాం. ఒకే దెబ్బకు రెండు సంగతులు తేల్చాలనుకోవడంలోనే లోపముంది.

ఉదయం డ్యూటీ వారం బ్రహ్మాండంగా నడిచింది. మధ్యాహ్నం డ్యూటీ వారంలో సాయంకాల ప్రార్థన వేళకు ఆమె వెంటిలేటర్ పక్కన ఉంది. నైట్ వారంలో 5:30కి రోగులకు రక్తనమూనాలు తీయాలి, 9:30కి అప్పుడే డ్యూటీ ఎక్కి మందులు ఇస్తుంటుంది. ఆరు వారాల్లో 42 రోజులకు గాను 17 రోజులే నిలిచాయి, వాటిలో అధికభాగం ఉదయం డ్యూటీ రోజులే. అయినా ఆమె మాత్రం "నాకు పట్టుదల లేదు" అనే రాసుకుంది.

మఠంలో టైంటేబుల్ నిలబడేది ఒక్క మనిషి పట్టుదల మీద కాదు. గంట కొట్టేవాళ్లు వేరు, వంట చేసేవాళ్లు వేరు, పక్క కుర్చీ ఖాళీగా ఉంటే గమనించేవాళ్లు ఇంకొకరు. ఆ మూడూ తీసేసి టైంటేబుల్ ఒక్కటే హాస్టల్ గదికి పంపిస్తే ఏమవుతుందో అదే అయింది. పైగా స్తుతి, సాయంకాల ప్రార్థనలు భాగమైన గడియల ప్రార్థన గురువులకు, డీకన్లకు విధి. మఠవాసులకు వాళ్ల నియమావళి చెప్పిన మేరకు విధి. సామాన్య విశ్వాసులకు అది ఆహ్వానమే తప్ప విధి కాదు. ఈ తేడా ఆమెకు మొదటి రోజే చెప్పాల్సింది, చెప్పలేదు.

పది రోజుల మఠం

మూడో నెలలో ఆమె సెలవు పెట్టి ఒక మఠంలో పది రోజులు 'కమ్ అండ్ సీ'కి (చేరే ముందు కొన్నాళ్లు ఉండి చూడటానికి) వెళ్లింది. వద్దని అనలేదు. తిరిగొచ్చినప్పుడు మొహం వెలిగిపోతోంది. "ప్రార్థనలో కన్నీళ్లొచ్చాయి సిస్టర్, అంత శాంతి నేనెప్పుడూ ఎరగను. ఇదే నా చోటు."

ఇలాంటి చోట తొందరపడి "దేవునికి స్తోత్రం" అనేస్తే సగం పాడవుతుంది. ఓదార్పు నిజమైనదే కావచ్చు, అయితే అది దేన్ని బట్టి వచ్చిందో విడదీయాలి. ఆ పది రోజుల్లో ఏమేం మారాయో రాయమన్నాం. రాత్రి తొమ్మిదిన్నరకు పడక, అయిదుకు లేవడం, అంటే ఏడున్నర గంటల నిద్ర. మూడు పూటలా వేడి అన్నం. ఫోను లేదు. అలారాలు మోగే మిషన్లు లేవు. ఎవరూ చనిపోలేదు. ప్రార్థన కూడా ఉంది.

అందుకని ఇంకో పరీక్ష పెట్టాం. తర్వాతి నెల నాలుగు రోజులు ఇంటికి వెళ్లి, మఠంలో చేసిన ప్రార్థనలే అవే వేళలకు చేసి, అంతే నిద్రపోయి రమ్మన్నాం. అదే శాంతి వచ్చింది, మూడో రోజు కన్నీళ్లతో సహా. దీన్నిబట్టి పిలుపు లేదని తేలదు. మఠంలో కలిగిన శాంతిని పిలుపుకు సాక్ష్యంగా లెక్కవేయలేమని మాత్రం తేలింది. అలసిపోయిన మనిషికి విశ్రాంతి కూడా దేవుని వరమే, కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు.

ఆ మఠం తరఫున పిలుపుల బాధ్యురాలు ఫోను చేసి "ఆ అమ్మాయి ఎలాంటిది?" అని అడిగారు. మార్గదర్శి ఏమీ చెప్పలేదు, మంచి కూడా చెప్పలేదు. మంచి చెప్పడం అలవాటైతే, రేపు ఇంకొకరి విషయంలో మౌనంగా ఉన్నప్పుడు ఆ మౌనమే చెడ్డ సర్టిఫికెట్ అవుతుంది.

ఏది నిలబడింది

అయిదో నెలలో గడియారాన్ని వదిలేసి, ప్రార్థనను ఆమె రోజులో ఎటూ తప్పని పనులకు కట్టాం. డ్యూటీ ఏదైనా నిద్ర లేవడం ఉంటుంది, ఆసుపత్రికి వెళ్లడం ఉంటుంది, హ్యాండోవర్ ఇచ్చి బయటపడటం ఉంటుంది.

నిద్ర లేచాక మొహం కడుక్కుని, టీ తాగి, ఫోను ముట్టకముందు 25 నిమిషాలు సువిశేషంతో కూర్చోవాలి. నైట్ వారంలో ఈ "ఉదయం" మధ్యాహ్నం మూడింటికి వస్తుంది. డ్యూటీ దిగి వచ్చి పడుకునే ముందు చేస్తానని ఆమె పట్టుబట్టింది. రెండుసార్లు ప్రయత్నించనిచ్చాం, రెండుసార్లూ బైబిలు మీదే నిద్రపోయింది. పన్నెండు గంటలు నిలబడ్డ ఒంటిని ధ్యానానికి కూర్చోబెడితే అది నిద్రనే ఎంచుకుంటుంది, అందులో పాపమేమీ లేదు.

ఆసుపత్రికి బస్సులో ఒకే ఒక రహస్యం, పది మంగళవార్త జపాలు, నాలుగు నిమిషాలు. దిగే స్టాపు వస్తే అక్కడికి ఆపేయాలి, మిగిలింది మోసుకెళ్లకూడదు. తిరుగు బస్సులో 8 నిమిషాల ఆత్మపరిశీలన. పునీత ఇగ్నేషియస్ లొయోలా తన 'ఆధ్యాత్మిక సాధనలు' పుస్తకంలో చెప్పిన అయిదు మెట్లే: కృతజ్ఞత, వెలుగు కోసం అడగడం, రోజును తిరిగి చూడటం, క్షమాపణ, రేపటికి ఒక తీర్మానం. ఈమె నేరుగా నాలుగో మెట్టుకు దూకేస్తుందని రెండు వారాల్లో తెలిసింది. అందుకని నెల పాటు మొదటి మెట్టుకే 4 నిమిషాలు కేటాయించాం. "ఈ షిఫ్టులో అందింది ఏమిటి?" అనే ప్రశ్నకు మూడు జవాబులు దొరికేదాకా ముందుకు వెళ్లకూడదు.

మొత్తం 37 నిమిషాలు. 193 ఎక్కడ, 37 ఎక్కడ! ఇంత తక్కువా అని ఆమె సిగ్గుపడింది. దైవభక్తి అందరికీ ఒకే రూపంలో ఉండదనీ, పనివాడిది, వితంతువుది, పెళ్లయిన స్త్రీది వేర్వేరుగా ఉండాలనీ పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ 17వ శతాబ్దం మొదట్లోనే రాశారని చెబితే కొంచెం కుదుటపడింది.

చేతులు కడుక్కునే సమయం సంగతి ఆమే తెచ్చింది. ఐ.సి.యు.లో ఒక్కో రోగి దగ్గరకు వెళ్లే ముందు, వచ్చాక చేతులు శుభ్రం చేసుకోవాలి. సబ్బు నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ద్రావకంతో అయితే 20 నుంచి 30. ఆ వ్యవధిలో "ప్రభువా, ఈ మంచం మీది మనిషిని కరుణించు" అనుకుంటానంది. రెండు షరతులతో సరే అన్నాం. ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టకూడదు. మందు మోతాదు లెక్క వేస్తున్నప్పుడు, ఇన్ఫ్యూజన్ పంపు సెట్ చేస్తున్నప్పుడు ఏ జపమూ ఉండకూడదు. ఆ క్షణంలో దేవుడు ఆమెను అడిగేది దశాంశ బిందువు సరైన చోట పెట్టడం. జపం వల్ల అక్కడ దృష్టి చెదిరితే ఆ జపం ఎవరికీ మేలు చేయదు.

ఆదివారం పూజ (మాస్) విషయంలో భయాలు రెండు. డ్యూటీ పడితే పాపమేమో అనేది ఒకటి. శనివారం సాయంత్రం పూజతో ఆదివారపు విధి తీరుతుంది; ఏ పూటా కుదరక, డ్యూటీ మార్చుకునే వీలూ లేకపోతే గంభీర కారణం కింద ఆ విధి ఉండదు. నైట్ దిగి 8:30 పూజకు వెళ్లినప్పుడు, ఎనిమిదింటికి టీ తాగాను కాబట్టి సత్ప్రసాదం (పూజలో అందించే దివ్య అప్పం) తీసుకోకూడదేమో అనేది రెండోది. రెండేళ్లుగా అలా తీసుకోకుండానే వచ్చేస్తోంది! సత్ప్రసాదానికి ముందు ఉండాల్సిన గంట ఉపవాసం లెక్క పూజ మొదలయ్యే వేళకు కాదు, సత్ప్రసాదం అందుకునే క్షణానికి. 8:30 పూజలో అది 9:10 ప్రాంతంలో వస్తుంది. మంచినీళ్లు, మందులు ఎలాగూ అడ్డు కావు. విచారణ గురువు (స్థానిక గుడి బాధ్యత చూసే గురువు) రెండు నిమిషాల్లో తేల్చేసిన సంగతి ఇది. అడగకపోవడం వల్ల రెండేళ్లు పోయాయి.

మధ్యలో మేం ఇంకో పొరపాటు చేశాం. కొత్త ఏర్పాటు ఎలా నడుస్తోందో తెలుసుకోడానికి టిక్కులు పెట్టమని ఒక చార్టు ఇచ్చాం. మూడు వారాల్లో ఆ చార్టులో ఎర్ర పెన్ను కనబడింది, ఖాళీ గడులన్నీ కింద కూడి పెట్టి ఉన్నాయి. పాత బాకీ పుస్తకమే కొత్త అట్టతో వచ్చిందన్నమాట. చార్టు తీసేసి, ప్రార్థన అయ్యాక 3 నిమిషాలు తీసుకుని ఒక్క వాక్యం రాయమన్నాం. చేశానా లేదా అన్నది అనవసరం, చేసినప్పుడు ఏం కదిలిందో రాస్తే చాలు. చేయని రోజు పేజీయే ఉండదు. ఆ వాక్యాల్లో కొన్ని (మొదటి దాంట్లోని బర్తిమయి సువిశేషంలో యేసు చూపునిచ్చిన గుడ్డివాడు):

"బర్తిమయి. 'నీకేం చేయమంటావు?' అని నన్నే అడిగినట్టుంది. జవాబు రాలేదు. భయమేసింది."

"మఠం ఊహించుకున్నాను. తేలిక. సాయంత్రానికి ఎందుకో దిగులు."

"ఏమీ లేదు. 25 నిమిషాలూ పంకా శబ్దం. ఇంకో నిమిషం కూర్చున్నాను."

ఆఖరి దాంట్లోని "ఇంకో నిమిషం" కూడా ఇగ్నేషియస్ వారిదే. ప్రార్థన ఎండిపోయినప్పుడు అనుకున్న సమయం కంటే తగ్గించకుండా కొంచెం ఎక్కువే ఉండమంటారాయన. ఆయన గంటకు చెప్పారు, మేం 25 నిమిషాలకు ఒక నిమిషం అన్నాం. అరగంట కలిపి ఉంటే ఈమె దాన్ని మళ్లీ జరిమానాగా మార్చుకునేది.

అమ్మ మొక్కు

ఇది అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకుంది. 1983 నాటి కతోలిక శ్రీసభ చట్టసంహితలో 1193వ సూత్రం స్పష్టంగా ఉంది: మొక్కు, దాని స్వభావాన్ని బట్టే, మొక్కుకున్నవారిని మాత్రమే కట్టివేస్తుంది. 219వ సూత్రం ప్రకారం ఏ జీవితాంతస్తును ఎంచుకోవడంలోనూ ఎవరి మీదా బలవంతం ఉండకూడదు. అమ్మాయికి ఇది చెప్పగానే అర్థమైంది. ఆ రోజు ఆమె ఒకటే మాట అంది: "మరి అమ్మ?"

అమ్మను పిలిపించి సూత్రాలు చెప్పాం. ఆవిడ విని, "సిస్టర్ గారూ, మరియమ్మ తల్లికి ఇచ్చిన మాటకు పుస్తకంలో చట్టం చూపిస్తారేంటండీ?" అంది. ఆవిడ భయం చట్టం గురించి కాదు. మొక్కు తీర్చకపోతే పిల్లకు కీడు జరుగుతుందేమోనని. పైగా ఆవిడ దగ్గర గట్టి ఉదాహరణ ఉంది, బైబిలులో బిడ్డ కోసం మొక్కుకున్న హన్నా. "హన్నమ్మ సమూవేలును గుడికి ఇచ్చేయలేదా?"

ఆ ఉదాహరణను కాదనకుండా అదే కథను ముందుకు చదివించడం పనిచేసింది. హన్నా బిడ్డను ఇచ్చింది నిజమే. అయినా రెండు అధ్యాయాల తర్వాత, రాత్రి పడుకున్న ఆ పిల్లవాణ్ణి దేవుడు పేరు పెట్టి తానే పిలిచాడు. పిల్లవాడికి గొంతు పోల్చుకోవడం రాలేదు. మూడుసార్లు గుడి యాజకుడు ఏలీ దగ్గరకు పరిగెత్తాడు. అమ్మ ఇచ్చేసింది కదా అని దేవుడు ఆ పిలుపును దాటవేయలేదు. లూకా రెండో అధ్యాయంలో బాలయేసును దేవాలయంలో అర్పించి, పక్షుల జంట బలిగా ఇచ్చి, తల్లిదండ్రులు బిడ్డను ఇంటికే తీసుకెళ్లారు. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేనిచ్చిన మాట ఏమైపోవాలండీ?" అంది.

ఇది సరైన ప్రశ్న. దీనికి జవాబు మార్గదర్శి చెప్పకూడదు. బిడ్డ జీవితం ఆవిడ ఇవ్వగలిగేది కాదు. ఆవిడ తన తరఫున ఏదైనా చేస్తానని మాటిచ్చి ఉంటే, దాని నుంచి విడుదల చేసే అధికారం 1196వ సూత్రం ప్రకారం విచారణ గురువుకు కూడా ఉంది. ఆ మొక్కును అంతకు సమానమైన మేలుగానో, అంతకంటే మంచిదిగానో మార్చుకునే వీలు 1197 ఇస్తుంది. ఫాదర్ గారు ఆవిడ చెప్పింది మొత్తం విని, మొక్కును మార్చారు: బతికినన్నాళ్లూ గుడిలో పీఠం మీద పరిచే గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వాలి. ఆవిడకు బాగా నచ్చింది. అది తన చేతులతో చేసే పని కదా. ఆ ఫిబ్రవరిలో 9 నుంచి 11 వరకు జరిగే గుణదల ఉత్సవాలకు తల్లీకూతుళ్లిద్దరూ వెళ్లి, కొండెక్కి, కృతజ్ఞత చెప్పి వచ్చారు.

ఫాదర్ గారి దగ్గరకు మొదటే పంపించి ఉంటే మూడు నెలలు మిగిలేవి. మేం ముందు అమ్మాయిని నిబ్బరపరిచి తర్వాత అమ్మ సంగతి చూద్దామనుకున్నాం. ఇలాంటి ఇళ్లలో ఆ వరస పనిచేయదు. అమ్మ నిద్రపోతేనే కూతురు ఆలోచించగలుగుతుంది.

అప్పు

అప్పుల్లో ఉండి తీర్చలేని స్థితిలో ఉన్నవారిని నొవిషియేట్‌లో (మఠంలో తొలి శిక్షణ దశలో) చేర్చుకోకూడదని 644వ సూత్రం. ఎవరూ దీన్ని ముందు చెప్పరు, చేరే సమయానికి బయటపడుతుంది. లెక్క వేశాం. 2,40,000 అసలు, 10 శాతం వడ్డీ, నెలకు 8,500 కడితే దాదాపు 32 నెలలు. మఠం తీర్చేస్తుందేమో అని ఆమె ఆశపడింది. అలా ఆశపడి చేరిన మనిషికి తర్వాత వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లగలదా? ఆ స్వేచ్ఛ పోతుంది కాబట్టి ఆ దారిని అసలు పరిగణించలేదు.

ఈ 32 నెలలు ఆమెకు మొదట శిక్షలా అనిపించాయి. నెల తిరక్కుండానే మాట మారింది. "ఇప్పుడే తేల్చక్కర్లేదా?" అని అడిగిన రోజున భుజాలు దిగాయి. చిత్రమేమిటంటే, తొందర లేదని తెలిశాకే పిలుపు గురించి అసలైన ఆలోచన మొదలైంది.

నిర్ణయం

ఎనిమిదో నెలలో ఐ.సి.యు.లో పందొమ్మిదేళ్ల కుర్రాడు పోయాడు. ఆ రాత్రి డ్యూటీ ఈమెదే. మర్నాడు ఉద్యోగానికి రాజీనామా రాసి, మఠానికి ఫోను చేస్తానని వచ్చింది. ఇగ్నేషియస్ వారి మొదటి వారపు నియమాల్లో అయిదోది ఇలాంటి వేళకే ఉంది: శూన్యత కమ్మినప్పుడు ఏ నిర్ణయమూ మార్చకూడదు, అంతకుముందు ఏ తీర్మానంలో ఉన్నామో అందులోనే నిలవాలి. రాజీనామా కాగితం చింపమనలేదు. కవర్లో పెట్టి తేదీ వేసి, మూడు వారాల తర్వాత కలిసి తెరుద్దామన్నాం. ఈలోగా రెండు రోజులు సెలవు, ఆ కుర్రాడి పేరున ఒక పూజ, తోటి నర్సుతో ఒకసారి మనసు విప్పి మాట్లాడటం. మూడు వారాల తర్వాత కవరు తెరిస్తే ఆమే నవ్వింది. అందులో దేవుడి మాట ఒక్కసారి కూడా లేదు, "ఇక్కడ ఉండలేను" అని మాత్రం నాలుగుసార్లుంది.

పన్నెండో నెలకు ఒక వాక్యం చొప్పున రాసిన పేజీలు దాదాపు 190 అయ్యాయి. అన్నీ పరిచి, మఠం ఊహ ఉన్న రోజులు, ఆసుపత్రి ఉన్న రోజులు, పెళ్లి ఊహ ఉన్న రోజులు ఆమె చేతే వేరు చేయించాం. మఠం ఊహించిన రోజుల్లో ఉదయం తేలిక, సాయంత్రానికో మర్నాటికో దిగులు. రోగుల మధ్య ప్రభువును చూసిన రోజుల్లో మొదట ఏమీ ఉండదు, పొడిపొడిగా ఉంటుంది, రెండు రోజుల తర్వాత ఒక నిలకడ. ఊహ మొదలైన చోటు కంటే అది ఎక్కడ తేలిందో చూడటమే ఇక్కడ ముఖ్యం.

తర్వాత మనసు నెమ్మదిగా ఉన్న ఒక వారంలో లాభనష్టాల నిలువు గీతలు గీయించాం. మఠంలో చేరడానికి తొమ్మిది కారణాలు రాసింది. వాటిలో ఆరు తప్పించుకోవడాలే: నైట్లుండవు, సంబంధాల గొడవ ఉండదు, అమ్మ మొక్కు తీరుతుంది, ఇలాంటివి. మార్గదర్శి అక్కడ ఒక్క మాట అంది, "మిషన్ ఆసుపత్రుల్లో సిస్టర్స్‌కు కూడా నైట్లు పడతాయి తల్లీ." ఆ తర్వాత, ముక్కూ మొహం తెలియని ఒక నర్సు ఇదే పరిస్థితిలో వచ్చి సలహా అడిగితే ఏం చెబుతావని అడిగాం. ఇది కూడా ఆధ్యాత్మిక సాధనల్లోని పద్ధతే. ఆమె తడుముకోకుండా, "పారిపోవడానికి చేరొద్దని చెబుతాను" అంది. తర్వాత తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది.

పద్నాలుగో నెలలో, మఠంలో చేరనని నిర్ణయించుకుంది. ఆ నిర్ణయంతో మూడు వారాలు ప్రార్థించి, దిగులు తిరిగి రాలేదని చూసుకున్నాకే ఇంట్లో చెప్పింది.

గమనించినవి

పిలుపు ఉందా లేదా అన్న ప్రశ్నను, ప్రార్థన కుదురుకోకముందు ముట్టుకోకూడదు. కనీసం మూడు నెలలు ఏదో ఒక చిన్న క్రమం నిలవాలి. లేకపోతే చదవడానికి పేజీలే ఉండవు, ఆ రోజు మూడ్ తప్ప. ఈ కేసులో మొదటి నాలుగు నెలలు అందుకే వృథా అయ్యాయి.

ఎంత ప్రార్థించాలన్నది అడిగే ముందు ఎంత నిద్రపోతున్నారన్నది అడగాలి. రక్తహీనతను ఆత్మ శుష్కతగా పొరబడటం తేలిక, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో.

ఆమె మఠంలో చేరకపోవడం మా దృష్టిలో ఈ కేసు విజయం కాదు, చేరి ఉంటే అది వైఫల్యమూ కాదు. ఇదే అమ్మాయి ఇదే దారిలో నడిచి, కారణాల జాబితాలో ఆ ఆరూ కొట్టేశాక కూడా మిగిలిన మూడింటి మీద నిలబడి చేరతానని ఉంటే, అప్పు తీరాక సంతోషంగా పంపేవాళ్లం. పిలుపుల సంఖ్య తగ్గుతోందన్న బెంగ ఉన్నవాళ్లకు ఈ మాట రుచించదని తెలుసు.

ఇప్పటి స్థితి

ఆమె అదే ఐ.సి.యు.లో ఉంది. ఒక సంబంధం మాట్లాడుతున్నారు, ఇంకా కుదరలేదు. బాకీ పుస్తకాన్ని తిరిగి తీసుకెళ్లమంటే వద్దంది. వారంలో అయిదు రోజులు క్రమం నిలుస్తోంది. నైట్ల నుంచి ఉదయం డ్యూటీకి మారినప్పుడు మొదటి రెండు రోజులు మాత్రం ఇప్పటికీ ఏదీ కుదరడం లేదు. మూడు రకాలుగా ప్రయత్నించి వదిలేశాం. ఆ రెండు రోజులకు ఇప్పుడు ఒకటే ఏర్పాటు: మంచం మీదే, కళ్లు మూసుకుని, ఒక పరలోక జపం.